కబురు పాత ఓనరుకు, బండి నాకు

పోయిన శ్రావణంలో మలక్‌పేట గంజ్ నుంచి నా పికప్‌లో ఉల్లిగడ్డ లోడ్ వేసుకుని ఫలక్‌నుమా బ్రిడ్జి దిగుతున్నా. ముందు గాజుల బండి తోసుకుంటూ ఓ ముసలాయన. బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా పోయి కిందకు ఆనింది. మళ్లీ తొక్కినా అంతే. మూడోసారికి పట్టింది. నా బంపరుకూ ఆయన బండికీ మధ్య జానెడు. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నాకు మాత్రం చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు.

మా గల్లీ ఉస్తాద్‌కు చెబితే నవ్వి, ‘తీన్ దఫా మారో భాయ్, లగ్ జాతా’ అన్నాడు. పాతబస్తీ పికప్‌లకు ఇదే వైద్యం. బ్రేక్ ఆయిల్ పోసి, గాలి తీసి పంపించాడు. ఇంటర్ చదివే మావాడు ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే అసలు సంగతి తేలింది. ఆ బ్యాచ్ బండ్లకు బ్రేక్ పైపు మార్చాలని రీకాల్ పడి ఏడాది దాటింది. పైపు ఛాసిస్‌కు రాసుకుని అరుగుతుందట. మెసేజ్ మొదటి ఓనరుకు పోయింది. ఆయన దగ్గర ఇంకొకాయన కొన్నాడు, ఆయన దగ్గర నేను కొన్నా. ఆర్సీ నా పేరు మీదే ఉన్నా, కంపెనీ లెక్కలో నేను లేను.

ఏ కంపెనీయో ఎందుకులెండి, పోతే పైసా అడగకుండా మార్చారు. నా పేచీ పైపుతో కాదు, కబురుతో.

కొత్త కార్లకు ఈ పేచీ లేదు. 2022 అక్టోబరులో మారుతి 9,925 కార్లను వెనక్కి పిలిచింది, వెనక బ్రేకులో ఓ పిన్ను విరగొచ్చని. అంతకు రెండు నెలల ముందు తయారైన కార్లవి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీసి ఉండరు. ఓనరెవరో షోరూముకు తెలుసు, ఒక్క ఫోన్ చాలు. సరుకు బండి బతుకు అలా కాదు. ఉస్మాన్‌గంజ్ సేటు దగ్గర మొదలై, చేతులు మారీ మారీ మాలాంటోళ్ల దగ్గరికొస్తుంది. ఓనరు పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, ఆర్టీఏకు ఇవ్వకుండా బీరువాలో దాచుకునేవాళ్లూ మాలో తక్కువేం లేరు. ఆ తప్పు మాదే.

చట్టం లేక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ చేర్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి రూల్సూ వచ్చాయి. ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించొచ్చు, కంపెనీకి 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా వేయొచ్చు. కాకపోతే తయారై 7 ఏళ్లు నిండని బండ్లకే. చాలా బండ్లు మా గల్లీకి చేరేదే ఆ తర్వాత!

సరుకు బండికి 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తప్పించుకునే వీల్లేని గుమ్మం అదొక్కటే. అక్కడే ఛాసిస్ నంబరు కొట్టి, రీకాల్ పని బాకీ ఉందేమో చూడాలి. ఉంటే, అది చేయించుకొచ్చేదాకా సర్టిఫికెట్ ఇవ్వొద్దు. ఒకరోజు కిరాయి పోయిందని మావాళ్లు తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి.

బండి అమ్మేసినవాళ్లకూ ఓ మాట. కంపెనీ నుంచి మెసేజ్ వస్తే మనది కాదులే అని తీసేయకండి. కొన్నవాడి నంబరు మీ ఫోన్లో ఉండే ఉంటుంది.