ఫలహారం పక్కన పావు గుర్తు

జర్మన్‌లో పొద్దుటి ఫలహారాన్ని ‘ఫ్రూష్టుక్’ అంటారు. ఆ మాటలో రెండు చోట్ల ‘యు’ అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. మా ఊళ్ళో ఒక చిన్న హోటల్ వెబ్‌సైట్‌లో కొన్నాళ్ళపాటు ఆ రెండు చోట్లా నెత్తిన వంకర గీత ఉన్న ‘ఎ’, దాని పక్కనే పావు గుర్తు కనిపించేవి. ధరల పట్టికలో ఫలహారం పక్కన పావు అని ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు చెప్పండి? యూరో గుర్తు ఉండాల్సిన చోట మూడు పిచ్చి గుర్తులు, ఫొటోలు ఉండాల్సిన చోట ఖాళీ గళ్ళు. “అసలు హోటల్ నడుస్తోందా?” అని ఫోన్లు వచ్చేవట.

హోటల్ నడిపే పెద్దావిడ మనవరాలు, మా అమ్మాయి ఒకే క్లాసు. సైటు చేసిపెట్టిన బంధువు వేరే ఊరు వెళ్ళిపోయాడు. అతను వాడిన లాప్‌టాప్, అందులో సైటు తయారుచేసే ప్రోగ్రాం మాత్రం ఆవిడ దగ్గరే ఉన్నాయి. అడిగిన చోటల్లా మొత్తం కొత్తగా చేయించుకోమన్నారట. వేసవి సీజన్ ముందు అంత ఖర్చు ఎలాగని ఆవిడ దిగులు. “మీరు సైన్స్ చదివారట కదా, ఒకసారి చూస్తారా?” అన్నారు. బీయస్సీ చేసి పదమూడేళ్ళు దాటింది. అయినా సరేనన్నాను.

విషయం ఇదండీ. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. పాత పశ్చిమ యూరప్ పద్ధతిలో ఆ చుక్కల ‘యు’కి ఒకే బైటు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో రెండు బైట్లు. యూరో గుర్తుకి మూడు. మన తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడేసి. పేజీని కొత్త పద్ధతిలో సేవ్ చేసి, పైన మాత్రం ‘ఇది పాత పద్ధతి’ అని రాసి ఉంటే బ్రౌజర్ ఆ రెండు బైట్లనూ రెండు వేర్వేరు అక్షరాలుగా చదువుతుంది. పావు గుర్తు వచ్చింది అక్కడినుంచే. అక్షరాలు పాడవలేదు, చిరునామా చీటీ తప్పు, అంతే.

ఫొటోల సంగతి ఇంకా చిన్నది. విండోస్‌కి ఫైలు పేరులో పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే. లినక్స్ సర్వర్‌కి అవి రెండు వేరే ఫైళ్ళు. అందుకే లాప్‌టాప్‌లో కనిపించే ఫొటో బయట కనిపించలేదు.

రెండూ సరిచేశాక ‘పబ్లిష్’ నొక్కడమే మిగిలింది. ఇలాంటి ప్రోగ్రాంలలో ‘మారిన ఫైళ్ళు మాత్రమే’, ‘అన్నీ’ అని రెండు దారులుంటాయి. మొదటిదానితో కొన్ని పేజీలు కొత్తవి, కొన్ని పాతవి కలగాపులగమవుతాయి కాబట్టి ‘అన్నీ’ ఎంచుకోవాలి. కానీ అలా చేస్తే సర్వర్ మీద ఉన్నదాన్ని లాప్‌టాప్‌లో ఉన్నది తుడిచేస్తుంది. అందుకని ముందు సర్వర్‌లోని ఫైళ్ళన్నీ దింపి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. లాప్‌టాప్‌లో ఉన్నవి రెండేళ్ళ కిందటి ధరలు! తర్వాత ఎవరో నేరుగా సర్వర్‌లోనే ధరలు మార్చారు. చూడకుండా నొక్కి ఉంటే పావు గుర్తులు పోయేవి, పాత ధరకు గదులు బుక్కయ్యేవి. పదకొండు గదుల హోటల్‌కి అది చిన్న నష్టం కాదు.

ధరలు లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఆవిడ చేత ఒక్కో అంకె చదివించి, అప్పుడు అన్నీ పంపాం. అయినా ఆవిడ ఫోన్‌లో పాత పేజీయే! బ్రౌజర్ దాచుకున్న కాపీ అది. అది తీసేస్తే సరిపోయింది. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కాలి.

జర్మనీలో చిన్న వ్యాపారం నడిపే మనవాళ్ళకు ఇంకో రెండు మాటలు. సైటు ఎవరిదో తెలిపే ‘ఇంప్రెసుమ్’ పేజీ తప్పనిసరి. 2024 మే నుంచి ఆ నియమం డిజిటల్ సేవల చట్టం, అంటే డీడీజీ, ఐదో సెక్షన్‌లో ఉంది. పాత చట్టం పేరు ఇంకా ఉంటే మార్చేయండి. ఫాంట్లను గూగుల్ సర్వర్ నుంచి లాగకుండా మీ సర్వర్‌లోనే పెట్టుకోండి. అనుమతి లేకుండా సందర్శకుడి ఐపీ చిరునామా గూగుల్‌కు చేరిందని 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒక సైటు యజమాని 100 యూరోలు చెల్లించాలని తీర్పిచ్చింది.

ఇప్పుడు సైటు అసలు ప్రతి ఒక పెన్‌డ్రైవ్‌లో, పాస్‌వర్డులు ఒక కాగితం మీద, రెండూ హోటల్ బీరువాలో ఉన్నాయి. మీ కొట్టుదో, సంగీతం క్లాసుదో, తెలుగు సంఘానిదో సైటు ఉంటే ఈ ఆదివారం ఒక్క ప్రశ్న వేసుకోండి. దాన్ని చేసిన అబ్బాయి రేపు ఊరు మారితే అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంటుంది?