మెదడు స్కాన్‌కూ మన కోడ్ కావాలి

ఫైనలియర్ ప్రాజెక్టు అంటే అమీర్‌పేటలో కొనుక్కొచ్చే రెడీమేడ్ కోడ్ అనుకునే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. బీర్పూర్‌లో ఇంట్లో కూర్చుని మెదడు పరిశోధనకు పనికొచ్చే కోడ్ రాయొచ్చంటే నవ్వేవాళ్లూ ఉన్నారు. కానీ అది నిజం.

ఒకరి మెదడు ఎమ్మారై స్కాన్‌ను ఇంకొకరితో పోల్చాలంటే ముందు రెండింటినీ ఒకే నమూనా పటానికి సరిపెట్టాలి. దాన్నే అట్లాస్ అంటారు. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇనిస్టిట్యూట్‌ది. అది పాశ్చాత్యుల మెదళ్ల నుంచి పుట్టింది. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి, 100 మంది భారతీయుల స్కాన్‌లతో మన అట్లాస్‌ను తయారుచేసింది. సగటున మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణంలో కాస్త చిన్నదని తేలింది. తెలివికీ దీనికీ ముడిపెట్టకండి. అల్జీమర్స్‌లో మెదడు కుంచించుకుపోతుంది. మనవాళ్ల స్కాన్‌ను పరాయి కొలబద్దతో కొలిస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. అసలు సంగతి అదీ.

ఈ రంగంలో బాగా వాడే ఎస్‌పీఎం ఉచితమే అయినా, మామూలుగా నడపాలంటే మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ కొనాలి. నైబాబెల్, నైలెర్న్, డైపీ లాంటి పైథాన్ టూల్స్‌కు ఆ బాధ లేదు. కోడ్ అంతా బయటే ఉంటుంది. ఓపెన్‌న్యూరోలో పేర్లు తీసేసిన స్కాన్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఒక మామూలు స్కాన్ ఫైలు కొన్ని పదుల ఎంబీలే, పాత ల్యాప్‌టాప్ చాలు.

అయితే రీడ్‌మీలో ఓ కామా మార్చి 'కాంట్రిబ్యూటర్' అని రెజ్యూమెలో రాసుకోవడం సేవ కాదు. ఒక స్కాన్ తెరిచి చూడండి. ఎక్కడ ఎర్రర్ వచ్చిందో మళ్లీ చేసి చూపించి రిపోర్ట్ చేయండి. ఒక టెస్ట్ రాయండి. అర్థంకాని డాక్యుమెంటేషన్‌ను సరిచేయండి. నాచుపల్లి జేఎన్టీయూలోనో, సిరిసిల్ల కాలేజీలోనో నలుగురు కలిస్తే ఒక సెమిస్టర్‌కు సరిపడా పని ఇది.

"దీంతో జాబ్ వస్తదా?" అని అడుగుతారు. గ్యారంటీ లేదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు ఎంపికైతే స్టైపెండ్ వస్తుంది, ఐఎన్‌సీఎఫ్ లాంటి సంస్థలు అందులో మెదడు ప్రాజెక్టులు ఇస్తుంటాయి. ఎంపిక కాకపోయినా, మీరు రాసిన ప్రతి లైనూ మీ పేరుతో అందరికీ కనిపిస్తుంది. కొన్న ప్రాజెక్టు వైవా దాకే పనికొస్తుంది. ఇది మాత్రం ఎక్కడో ఒక డాక్టర్ చేసే పరిశోధనలో నడుస్తూనే ఉంటుంది.