కిరాయి మనదైతే పూచీ కూడా మనదే

కరీంనగర్‌లో మా ఇంటి వెనుక రెండు గదులు కట్టి కిరాయికి ఇచ్చి చాలా ఏళ్లయింది. ఒక వానాకాలం కిరాయికున్న ఇంటామె వచ్చి, “మౌల్వీ సాబ్, దండెం తీగ ముట్టుకుంటే జుమ్మంటున్నది, ఎవరినన్నా పిలిపించండి” అంది. “చూద్దాం బిడ్డా” అన్నాను. బడిలో పరీక్షల రోజులు. ఆ మాట మరిచిపోయాను. ఐదో తారీఖున కిరాయి అడగడం మాత్రం మరిచిపోలేదు.

పదిహేను రోజుల తర్వాత తడి బట్టలు ఆరేస్తూ ఆమె పడిపోయింది. ఏడేళ్ల కొడుకు తల్లిని పట్టుకోబోతే పక్కింటాయన వాడిని వెనక్కి లాగి మెయిన్ బంద్ చేశాడు. అల్లాహ్ దయవల్ల తల్లి, బిడ్డ ఇద్దరూ బతికారు. ఆమె అరచేతి మీద కాలిన మచ్చ మిగిలింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

అందరికీ అంత అదృష్టం ఉండదు. 2022 జూలైలో కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలారేసే తీగకు కరెంటు పారి భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక కుటుంబం మొత్తం చనిపోయింది. అది సొంత ఇల్లా, కిరాయి ఇల్లా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒక తీగ ఎంత పని చేయగలదో తెలుసుకోవడానికి ఆ వార్త చాలు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చిన్న చిన్న ఇంటి యజమానులు చాలామంది ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీ, మస్కట్ వెళ్లినవారు పదేళ్లు, పదిహేనేళ్లు ఎండలో చెమటోడ్చి తెచ్చిన సొమ్ముతో రెండు గదులో, రోడ్డు మీద రెండు మలిగెలో కట్టుకున్నారు. పింఛను లేని మనిషికి అదే పింఛను. వడ్డీకి దూరంగా ఉండదలచిన ముస్లిమ్ కుటుంబానికి అది హలాల్ రాబడి కూడా. ఇందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. అయితే “కిరాయి అంటే కూర్చుని తినే సొమ్ము” అనే మాట మన ఇళ్లల్లో తరచుగా వినిపిస్తుంది. నా అభ్యంతరం ఆ మాట మీదే.

లాభం ఎవరు అనుభవిస్తారో నష్టానికి పూచీ కూడా వారిదే అన్నది ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన సూత్రం. ఉస్మానియా సల్తనత్ కాలంలో, పందొమ్మిదో శతాబ్దంలో, హనఫీ న్యాయాన్ని క్రోడీకరించిన మజల్లాలో కూడా దీనికి చోటు దొరికింది. కిరాయిదారు మన ఇంటికి అమీన్, అంటే ఇల్లు అతని చేతిలో అమానతు. అతను కావాలని పాడుచేస్తేనో, అజాగ్రత్తగా ఉంటేనో నష్టం అతనిది. అతని తప్పు లేకుండా గోడ నెర్రెలిచ్చినా, కప్పు కారినా, మోరీ పూడినా బాగు చేయించవలసింది యజమాని. మనం ఇస్తున్నది నాలుగు గోడలు కాదు, అందులో నిశ్చింతగా బతికే వీలు. ఆ వీలు లేకుండా తీసుకునే కిరాయికి ఏమని లెక్క చెబుతాం?

దేశ చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, కిరాయిదారు కంటికి కనబడని లోపం ఇంట్లో ఉంటే, అది యజమానికి తెలిసి ఉంటే, ముందే చెప్పాలి. తాను చేయించవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చిన తర్వాత కూడా యజమాని చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును కిరాయిలో తగ్గించుకోవచ్చు. ఇక నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే సంగతి పైసలతో తీరదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇటువంటి నేరానికి ఐదేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే.

రెండో సంగతి కాగితం. “మన మొహల్లా మనిషే కదా, కాగితం ఎందుకు?” అంటాం. గడువు పెట్టి చేసే అప్పు లావాదేవీలను రాసుకోవాలని దివ్య ఖురాన్ బఖరా సూరా 282వ ఆయతులో ఎంతో వివరంగా ఆదేశించింది. నమ్మకం లేనివాళ్ల కోసం మాత్రమే ఆ ఆదేశం రాలేదు. మనం తీసుకునే అడ్వాన్సు కూడా ఒక రకంగా అప్పే. ఖాళీ చేసిన రోజు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము. దానితో పెళ్లి ఖర్చు చేసి, కొత్త కిరాయిదారు వచ్చేదాకా పాతవారిని తిప్పుకోవడం ఏ లెక్కన ధర్మం?

 జనం సాధారణంగా పదకొండు నెలల కాగితం రాసుకుంటారు. ఆ కాగితంలో కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, కరెంటు, నల్లా బిల్లులు ఎవరివి, చిన్న రిపేరు ఎవరిది, పెద్ద రిపేరు ఎవరిది, ఖాళీకి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఉండాలి. గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి. చేరే రోజు ఇద్దరూ కలిసి గదులు చూసి, పగిలినవి, పనిచేయనివి రాసి సంతకాలు చేసుకోవాలి. కిరాయి ముట్టిన ప్రతిసారీ రసీదు ఇవ్వాలి.

మలిగెలకు ఇంకొక జాగ్రత్త ఉంది. ఇంటి మీటరు మీద దుకాణం నడిపిస్తే విద్యుత్ శాఖ కేసు రాస్తుంది. సర్వీసు మన పేరున ఉంటే నోటీసు మన గుమ్మానికే వస్తుంది. దుకాణానికి వేరే మీటరు, మునిసిపాలిటీ లైసెన్సు ఉన్నాకే తాళం చెవి ఇవ్వడం మేలు.

మూడో సంగతి, యజమాని ఊళ్లో లేకపోవడం. కొడుకు రియాద్‌లో ఉంటాడు. ఇక్కడ అమ్మీ కిరాయి తీసుకుంటుంది, బావమరిది రిపేర్లు చూస్తానంటాడు, ఎవరి మాట చెల్లుతుందో కిరాయిదారుకు తెలియదు. కప్పు కారుతున్నదంటే “భాయ్ వచ్చినాక చూద్దాం” అంటారు. భాయ్ రెండేళ్లకు వస్తాడు. వకీల్‌ను పెట్టుకోవడం షరీఅత్ కూడా అనుమతించిన పద్ధతే. అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో ముఖ్తార్‌నామా ధ్రువీకరించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. ఇంత మొత్తం దాకా రిపేరు నన్ను అడగకుండానే చేయించు అని అందులో స్పష్టంగా రాస్తే, వాన పడే రాత్రి రియాద్‌కు ఫోను కలిసేదాకా ఎవరూ ఆగనవసరం లేదు. విదేశాల్లో నివసించే యజమానికి కిరాయి చెల్లించేవారు ఆదాయపు పన్ను కోసి కట్టాలన్న నిబంధన కూడా ఉంది. దీన్ని ఆడిటర్‌తో మాట్లాడి ముందే తేల్చుకోవాలి.

యజమాని మరణిస్తే ఇల్లు వారసులందరిదీ అవుతుంది. పెద్దన్న ఒక్కడే మలిగెల కిరాయి వసూలు చేసుకుంటూ, చెల్లెళ్లకు పండుగకు చీరలు పెట్టి సరిపెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. కిరాయిలో చెల్లెళ్ల వాటా వాళ్ల హక్కు. రిపేరు ఖర్చులోనూ అదే లెక్కన అందరికీ భాగం ఉంటుంది. లాభం, పూచీ కలిసే నడవాలన్న సూత్రం ఇంట్లోవాళ్ల మధ్య కూడా వర్తిస్తుంది.

“అన్నీ మాకే చెబుతున్నారు, నెలల తరబడి కిరాయి ఎగ్గొట్టేవాళ్ల మాటేమిటి?” అని యజమానులు అడగవచ్చు. అడగవలసిన మాటే. ఇవ్వగలిగి కూడా ఇవ్వనివాడు జాలిమే. కానీ అతని గదికి తాళం వేయడం, కరెంటు తీసేయడం మనకున్న హక్కు కాదు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో అటువంటి వసతులను ఆపరాదు. దారి రెంట్ కంట్రోలర్ దగ్గర ఉంది. చట్టం వర్తించనిచోట నోటీసు, సివిల్ కోర్టు ఉన్నాయి. అక్కడికి వెళ్లిన రోజున కాగితం, రసీదులు ఉన్న యజమాని మాటకు బలం ఉంటుంది. ఏమీ రాసుకోనివాడు కోపం ఒక్కటే పట్టుకుని వెళతాడు.

కష్టంలో ఉన్నవాడి సంగతి వేరు. 2020 లాక్‌డౌన్‌లో మూడు నెలల కిరాయి వెంటనే అడగవద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వమని మన ధర్మం అంతకు చాలా ముందే చెప్పింది. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల లోతట్టు కాలనీలు మునిగినప్పుడు కిరాయిదారుల బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు బురద పాలయ్యాయి. అటువంటి నెలలో కిరాయి అడిగే ముందు ఇంట్లోకి వెళ్లి ఒకసారి చూడాలి.

ఆ సంఘటన తర్వాత నేను తీగ దండేలు తీసేసి నైలాన్ తాళ్లు కట్టించాను. ఎర్తింగ్ చేయించి, కరెంటు లీకైతే దానంతటదే బంద్ అయ్యే స్విచ్ పెట్టించాను. వచ్చే కిరాయిలో పదో వంతు ఒక డబ్బాలో విడిగా వేస్తున్నాను. అది రిపేర్ల సొమ్ము. దాన్ని ఇంటి ఖర్చుకు ముట్టను. కిరాయిదారు చెప్పిన ఫిర్యాదును తారీఖుతో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను, చేయించిన తారీఖు దాని పక్కనే రాస్తాను.

సోదరులారా, సోదరీమణులారా! ఈ రోజు జుమా నమాజు నుంచి తిరిగి వచ్చాక కిరాయి గదుల వైపు ఒకసారి వెళ్లండి. సలామో, నమస్కారమో చెప్పి, “ఏమన్నా రిపేరు ఉందా?” అని మీరే అడగండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. “చూద్దాం” అని మాత్రం అనకండి. ఆ మాటకు నేను పడ్డ బాధ మీరు పడకూడదని అల్లాహ్‌ను వేడుకుంటున్నాను.