సంపాదకుని మాట: ముందు ఏ గదికి?

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. ఇక విజయవాడలోనైనా, రామగుండంలోనైనా ఇంటింటా ఏసీ మాటే. అందుకే ఈ సంచికలో రెండు మూడు గదులకు ఏసీ పెట్టించే లెక్కలు ఇస్తున్నాం.

ఖర్చు ఏసీ ధరతో ఆగదు. రాగి పైపు, స్టెబిలైజర్, విడి వైరింగు, మీటరు లోడు పెంపు అన్నీ తోడవుతాయి. కరెంటు వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధరా పెరుగుతుంది. పదికి పన్నెండు అడుగుల గదికి సాధారణంగా ఒక టన్ను చాలు. పైఅంతస్తులో, పడమటి ఎండ తగిలే గదికైతే ఒకటిన్నర కావాలి. 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను తిప్పితే బిల్లు అదుపులో ఉంటుంది.

అప్పు చేసి అన్ని గదులకూ ఒకేసారి బిగించకండి. ముందు పెద్దవాళ్లు, పసిపిల్లలు పడుకునే గదికి పెట్టించండి. డాబాకు సున్నం వేయించండి. మిగతా గదుల సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.