మొదటి కారు – బీమా కాగితము

ఈ మాసము మాకు వచ్చిన జాబులలో ఒకటి మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఒక సోదరి యిట్లు వ్రాసినారు: “మా యింట తొలిసారిగా కారు కొనుచున్నారు. రంగు ఏది కావలెనని నన్నడిగిరి. సీట్లకు వేయవలసిన గుడ్డను గూర్చి నన్నడిగిరి. బీమా మాట వచ్చినప్పుడు మాత్రము ‘అది నీకెందుకు? అంగడివారే చూచుకొందురు’ అనిరి. ఆ కాగితము నిజముగా మనము చూడనక్కర లేనిదేనా?”

సోదరీ! మొట్టమొదట చూడవలసినది ఆ కాగితమే యని మా మనవి. రంగు నచ్చకపోయినచో కొన్నాళ్ళకు కన్ను అలవాటుపడును. కాగితమున లోపమున్నచో ఆపద వచ్చిన నాడు గాని తెలియదు. ఆనాడు దిద్దుకొనుటకు వీలుండదు. ఇది మేము ఊరక చెప్పుచున్న నీతి గాదు. గత వేసవిలో మేమును మొదటి కారు కొంటిమి. అప్పుడు జరిగిన సంగతి చెప్పెదము.

కారు మా పేరనే యుండవలెనని మా వారు ముచ్చటపడిరి. ఇంటికి వచ్చు మొదటి బండి గృహిణి పేర నుండుట శుభమని అత్తగారును సంతోషించిరి. అంగడిలోని యువకుడు కాగితముల కట్ట మా ముందుంచి, “ఇక్కడ సంతకము చేయండమ్మా” అనెను. “చదివి చేసెదము, నాయనా” అంటిమి. “అందరికిని ఒకే కాగితమమ్మా, ఎవరును చదువరు” అని అతడు నవ్వెను. మేము ఆ కట్టను ఇంటికి తెచ్చుకొని, వంట ముగిసిన పిమ్మట రెండు మధ్యాహ్నములు చదివితిమి. చదివిన కొలది ఒక సంగతి తేటపడెను. ఒకే పేరుతో పిలువబడు ఈ కారు బీమాలో మూడు వేర్వేరు పూచీలున్నవి: ఒకటి పరుల కొరకు, ఒకటి బండి కొరకు, ఒకటి ఇంటివారి కొరకు. ఈ మూడింటిలో ఏది ఉన్నదో, ఏది లేదో తెలిసికొనుటయే మన పని.

మొదటిది పరుల కొరకైన పూచీ. దీనినే ‘థర్డు పార్టీ’ బీమా యందురు. మన బండి వలన దారిని పోవువారికి హాని కలిగినచో వారికి చెల్లవలసిన పరిహారమును కంపెనీ చెల్లించును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము ఇది లేక బండి రోడ్డెక్కరాదు. 2019 నాటి సవరణ పిమ్మట మొదటి తప్పునకు 2,000 రూపాయల జుల్మానా గాని, మూడు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. మరల తప్పుచేసినచో జుల్మానా 4,000 అగును.

ఈ ధర్మము క్రొత్తది గాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండ్ల ప్రమాదములను గూర్చిన విచారణ కలదు. ముకుత్రాడు తెగుట, కాడి విరుగుట మొదలగు సందర్భములలో దండన లేదని చెప్పి, తోలువానికి నేర్పు చాలక బండి దారి తప్పి హాని చేసినచో యజమానుడే 200 పణములు చెల్లింపవలెనని అందు విధించిరి. నేర్పులేనివాని చేతికి పగ్గములిచ్చినవాడే పూచీ వహింపవలెనన్న మాట. నేటి శాసనమును ఆ పూచీనే చెప్పుచున్నది గాని, నేటి బరువు సామాన్య గృహస్థుడు మోయగలది గాదు. సంపాదించు మనిషి మన బండి క్రింద పడి మరణించినచో, అతని వయస్సును, ఆదాయమును, అతనిపై ఆధారపడినవారిని లెక్కించి ట్రిబ్యునలువారు నిర్ణయించు పరిహారము అనేక లక్షలు కావచ్చును. కనుకనే ప్రాణహాని విషయమున కంపెనీ పూచీకి ఇంతయని హద్దు పెట్టలేదు. పరుల గోడయో బండియో పాడైనచో మాత్రము 7,50,000 రూపాయలు హద్దు.

సుప్రీంకోర్టు ఉత్తరువు ననుసరించి 2018 సెప్టెంబరు 1వ తేదీ మొదలు క్రొత్త కారునకు ఈ పరుల బీమాను ఒక్కసారిగా మూడేండ్లకు కట్టవలెను. దీని రేటు ప్రభుత్వము నిర్ణయించునది, బేరమునకు తావులేదు. 2022 జూన్ 1వ తేదీన అమలునకు వచ్చిన పట్టికలో మూడేండ్లకు, 1000 సి.సి. మించని ఇంజను కారునకు 6,521 రూపాయలు, 1500 సి.సి. వరకు 10,640, అంతకు మించినచో 24,596 అని యుండెను.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపవలెను. ఈ పూచీ పరుల కొరకే గాని మన కొరకు గాదు. మన కారులో కూర్చున్న మన తల్లియో, పెండ్లికి మనతో బయలుదేరిన పొరుగింటి పిన్నిగారో గాయపడినచో, కేవలము ఈ పరుల పాలసీ మాత్రమే యున్న కారునకు కంపెనీ బాధ్యత లేదు. బండి నష్టము కూడ చేరిన సమగ్ర పాలసీ యున్నచో కారులో కూర్చున్నవారికిని పూచీ కలదని 2012లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చెను. చౌకయని పరుల పాలసీతో సరిపెట్టుకొను ఇండ్లవారు ఈ భేదమును మరువరాదు.

రెండవది బండి కొరకైన పూచీ. అగ్ని, దొంగతనము, వరద, తుపాను, ఢీకొనుట వీని వలన కారునకు కలుగు నష్టము దీనిలో చేరును. ఇది చట్టము నిర్బంధించునది గాదు, మన యిచ్చ. దీని ప్రీమియము మాత్రము కంపెనీ కంపెనీకి మారును. కారు అమ్మినవారి యొద్దనే బీమాయు కొనవలెనని నిర్బంధము లేదు. మేము మరి రెండు కంపెనీల లెక్కలు కూడ తెప్పించి చూచితిమి. అంగడివారు మొదట చెప్పిన మొత్తము దానంతటదియే దిగెను.

కాగితమున ‘ఐ.డి.వి.’ యని ఒక అంకె యుండును. కారు దొంగల పాలైనను, బాగుచేయుటకు వీలులేనంతగా పాడైనను కంపెనీ లెక్కకు ఆధారమగు మూల్యమదియే. తయారీదారు ప్రకటించిన వెలలో వాడుక తరుగు తీసి దానిని కట్టుదురు: ఆరు నెలలలోపు బండికి నూటికి 5, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, ఇట్లు పెరిగి అయిదవ యేట 50 వంతులు తరుగు పోవును. ఆ అంకెను తగ్గించినచో ప్రీమియమును తగ్గును. కాని నష్టము వచ్చిన నాడు చేతికి వచ్చునదియు తగ్గును. మరమ్మతు వ్యయము ఆ మూల్యములో నూటికి 75 వంతులు మించినచో బండి పూర్తిగా పోయినట్లే లెక్కింతురు. కారు అప్పుమీద కొన్నచో ఆ సొమ్ము ముందుగా బ్యాంకు బాకీకి పోవును.

చిన్న మరమ్మతులలోను తరుగు కలదు. పాత బిందె నిచ్చి క్రొత్తది పుచ్చుకొనునప్పుడు అంగడివాడు తరుగు తీయుట మనమెరుగనిది గాదు. అట్లే ప్లాస్టిక్కు, రబ్బరు భాగములకు, టైర్లకు, బ్యాటరీకి కంపెనీవారు సగమే యిత్తురు. అద్దములకు మాత్రము తరుగు లేదు. నేటి కార్ల బంపర్లు ప్లాస్టిక్కువే గనుక చిన్న దెబ్బకును సగము మన చేతినుండి పోవును. తరుగు లేకుండ చెల్లించు ‘జీరో డిప్రిసియేషను’ అను అదనపు పూచీ కొంత రుసుముతో దొరకును. క్రొత్త కారునకు అది కొనదగినదని మా యభిప్రాయము. ఇవి గాక ప్రతి పరిహారములోను 1500 సి.సి. వరకు 1,000, అంతకు మించినచో 2,000 రూపాయలు మనమే భరింపవలెను.

నీటి సంగతి వేరుగా చెప్పవలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు మొదలగు పేటలు మునిగినప్పుడు వాకిళ్ళలో నిలిపిన బండ్లెన్నో నీట మునిగినవి. వరద నష్టము సమగ్ర పాలసీలో చేరినదే. కాని మునిగిన కారు నడుచునో లేదో చూతమని ఆత్రముతో తాళము త్రిప్పినచో నీరు ఇంజనులోనికి లాగబడి లోపలి రాడ్లు వంగును. అది వరద వలని నష్టము గాదు, నడుపజూచినందున కలిగినదని కంపెనీవారు త్రోసివేయవచ్చును. కనుక తాళము ముట్టక, నీట నున్నట్లే ఛాయాచిత్రములు తీసి, కంపెనీకి తెలిపి, బండిని గ్యారేజీకి లాగించుకొని పోవలెను. పల్లపు వీథులలో నివసించువారు ఇంజను కొరకైన అదనపు పూచీని కొనుట మేలు.

మూడవది ఇంటివారి కొరకైన పూచీ. మా కాగితమున మమ్ము ఉలికిపడజేసినది ఇదియే. కారు నడుపు యజమాని ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 15,00,000 రూపాయలు ముట్టునని అందున్నది. చదివి మొదట సంతోషించితిమి. పిమ్మట క్రింద సన్నని యక్షరములలో షరతులు కనబడెను. ఆ మనిషి పేరనే కారు రిజిస్టరై యుండవలెను. పాలసీ ఆ పేరనే యుండవలెను. ఆ మనిషికి చెల్లుబడియగు డ్రైవింగు లైసెన్సు ఉండవలెను.

కారు మా పేర. మాకు లైసెన్సు లేదు. నడుపువారు మా వారు. వారు యజమాని గారు. అనగా ఆ పూచీ మాకును వర్తింపదు, వారికిని వర్తింపదు. పోనీ, మొదట చెప్పిన పరుల బీమా వారికి అక్కరకు వచ్చునా యన్నచో, అదియు లేదు. ఒకరి బండిని అడిగి తీసికొని నడుపువాడు ఆ యజమాని స్థానముననే నిలుచునుగాని పరుడు గాడని సుప్రీంకోర్టు 2009లో తేల్చెను. ముచ్చటపడి మా పేర వ్రాయించిన కారులో మా వారికి ఏమైన జరిగినచో, ఆ పూచీ క్రింద పిల్లల చేతికి ఒక్క రూపాయియు రాదన్న మాట!

ఆ రాత్రి ఈ సంగతి వారికి చదివి వినిపించితిమి. వారు కొంతసేపు మాటాడలేదు. “నీ పేర ఉండవలెనని నా కోరిక” అనిరి. “కోరిక మంచిదే. కాని ముందు మాకు లైసెన్సు రావలెను, పిమ్మట పేరు. ఇప్పటికి కారు మీ పేర నుండనిండు” అంటిమి. అట్లే చేసితిమి. ఇదివరకే 15 లక్షలకు తగ్గని ప్రమాద బీమా వేరుగా ఉన్నవారు దీనిని మరల కొననక్కర లేదు. కారులో తక్కిన సీట్లలో కూర్చుండువారికిని ప్రమాదపు పూచీ విడిగా కొనవచ్చును, మేము కొంటిమి.

గడువుల మాట మరువరాదు. 1938 నాటి బీమా చట్టము ననుసరించి ప్రీమియము ముట్టనిదే కంపెనీకి పూచీ పుట్టదు. చెక్కు చెల్లలేదని తెలియక కారు తిప్పుచుండుట ప్రమాదము. పరుల బీమా మూడేండ్లుండును గనుక అంతయు మూడేండ్లున్నదని పలువురు భ్రమపడుదురు. బండి కొరకైన పూచీ సాధారణముగా ఒక యేటికే. ఏడాదిలో పరిహారమడుగనిచో మరుసటి యేట దాని ప్రీమియములో నూటికి 20 తగ్గింపు కలదు. అది అయిదేండ్లకు 50 వరకు పెరుగును. గడువు దాటిన 90 దినములలోపల మరల కట్టనిచో ఆ తగ్గింపంతయు పోవును. చిన్న గీతకై పరిహారమడుగుటకు ముందు ఈ తగ్గింపుతో పోల్చి చూచుకొనుట తెలివి.

వాడిన కారు కొనువారికి ఇంకొక మాట. అమ్మినవారి పరుల బీమా కారుతో పాటు కొన్నవారికి సంక్రమించును; బండి నష్టపు పూచీ అట్లు రాదు. 14 దినములలోపల కంపెనీకి వ్రాసి పాలసీని తమ పేరునకు మార్పించుకొనవలెను. చుట్టముల యొద్ద కొన్నాము గదా యని ఊరకుండరాదు.

భారతము శాంతిపర్వమున మూడు చేపల కథ కలదు. చెరువు ఎండునని ముందే యెరిగి వెడలిపోయిన చేప సుఖపడెను. వలలో పడినప్పుడు ఉపాయము తోచిన చేప ఎట్లో బ్రతికెను. చూతములే యన్న చేప చచ్చెను. బీమా విషయమున రెండవ చేపకు తావు లేదు. ఆపద వచ్చిన పిమ్మట తోచు ఉపాయమేదియు కాగితమున నొక్క అక్షరమును మార్చలేదు.

కాబట్టి సోదరీ, మీ వారిని నొప్పింపక నాలుగు ప్రశ్నలడుగుడు. కారు ఎవరి పేర? నడుపువారెవరు? లోపల కూర్చున్న వారికి పూచీ కలదా? ఏ పూచీ ఏనాటితో తీరును? ఉత్తరములను పంచాంగము చివరి పుటలో వ్రాసి పెట్టుకొనుడు. మేము అట్లే వ్రాసికొంటిమి. ఆ పుటలోనే మేము కారు నడుపుట నేర్చుకొనుటకు పోవలసిన దినములను కూడ గుర్తు పెట్టుకొంటిమి. లైసెన్సు వచ్చిన నాడు, ఆ శుభవార్తను ఈ శీర్షికలోనే మీకు తెలిపెదము.