తల యూపుటకు ముందు

జంషెడ్పూర్ నగరమందలి బిష్టుపూర్ పేటలో సాయంకాలము దీపములు వెలిగిన వేళ నాలుగడుగులు నడచినచో, ఆంధ్రభక్త శ్రీరామమందిరమునకు దర్శనార్థమై పోవు తెలుగు కుటుంబములును, ఆ పేటలోనే యున్న పెద్ద హోటళ్ళకు భోజనార్థమై పోవు తెలుగు కుటుంబములును కనబడును. ఒక్కొక్కప్పుడు ఆ రెండును ఒకే కుటుంబమగుటయు కద్దు. తాతలు శ్రీకాకుళ విశాఖ మండలములనుండి ఉక్కు కర్మాగారమునకు కూలికి వచ్చిన యిండ్ల మనుమలు నేడు ఇంజనీర్లై, అధికారులై, పదోన్నతి కలిగిన నాడు నలుగురిని పిలిచి బల్లమీదికి ఒక వైన్ సీసా తెప్పించుట వింత కాదు. వింత యంతయు ఆ తరువాత జరుగునదియే. పరిచారకుడు సీసా తెచ్చి చూపును, మూత తీయును, పిలిచిన పెద్దమనిషి గ్లాసులో ఒకటి రెండు గుక్కలు పోసి ప్రక్కకు జరిగి నిలుచును. ఆ పెద్దమనిషి, పరీక్షాధికారి యెదుట విద్యార్థివలె కళవళపడి, దానిని మందు మ్రింగినట్లు మ్రింగి తల యూపును. లేదా, సినిమాలలో చూచినది జ్ఞప్తికి తెచ్చుకొని, కనులు సగము మూసి, పెదవి విఱిచి, ఏమియు తెలియకయే సర్వము తెలిసినవానివలె తల యూపును. ఏ విధముననైనను తల యూపుట మాత్రము తప్పదు.

ఈ యిరువురును చేయు పొరపా టొక్కటియే. ఆ రెండు గుక్కలు పోయుటలోని ప్రశ్న యేమో వారికి తెలియదు. 'అయ్యా, ఇది తమకు నచ్చినదా?' అని పరిచారకుడు అడుగుచున్నాడని వారు భ్రమింతురు. వాస్తవమునకు అతడు అడుగునది, 'ఈ సీసా చెడకుండ ఉన్నదా?' అని. మొదటిది రుచినిర్ణయము, రెండవది దోషనిర్ణయము. మొదటిదానికి పాండిత్యము కావలసియుండవచ్చును గాని, రెండవదానికి ముక్కును, కొంచెము నిర్మొగమాటమును చాలును. ఉక్కునగరమున నివసించువారికి ఈ భేదము చెప్పుటకు దూరము పోనక్కఱలేదు. 1912 ఫిబ్రవరి 16వ తేదీని ఇచ్చట తొలి ఉక్కుదిమ్మె వెలువడినది మొదలు నేటివఱకును, కొలిమిలోని ద్రవలోహమునుండి కొంచెము శాంపిల్ తీసి, కర్బన మెంత, గంధక మెంత, భాస్వర మెంత యని చూచిన పిమ్మట గాని పోతకు అనుమతి లేదు. శాంపిల్ తీసిన కార్మికుని 'ఈ ఉక్కు నీకు నచ్చినదా?' యని యెవ్వరు నడుగరు. అతడును కనులు మూసి పారవశ్యమును నటింపడు.

ఇది పాశ్చాత్యుల ఆడంబరమని కొట్టివేయువారు కౌటిల్యుని అర్థశాస్త్రమును ఒకమారు తిరుగవేయుట మంచిది. సురాధ్యక్షప్రకరణమున అతడు ద్రాక్షరసముచే సిద్ధమగు మద్యమును 'మధు' వని పేర్కొని, కాపిశాయనము, హారహూరకము అని పుట్టిన దేశములనుబట్టి దానిని వేఱుచేసి చెప్పెను. రాజు తన్ను తాను రక్షించుకొను విధమును తెలుపు ప్రకరణమున, వైద్యుడు ఔషధమును వండినవానిచేతను, నూరినవానిచేతను రుచి చూపించి, తానును చూచి, ఆ పిమ్మటనే రాజున కీయవలెనని విధించి, పానమునకును పానీయమునకును అదే నియమమని చేర్చెను. ఐరోపాలో గృహస్థు తొలుత తన పాత్రలో పోసికొను ఆచారము విషభయమువలన పుట్టినదని కొందఱును, మూతికడ తేలు బెండుపొట్టు అతిథుల పాత్రలలో పడకుండుటకని కొందఱును చెప్పుదురు. మూల మేదైనను, పరుల గ్లాసులలో పోయించుటకు ముందు దాని మంచిచెడ్డల పూచీ పిలిచినవానిదే యను ధర్మము రెండు దేశములందును ఒక్కటియే.

ఇక పద్ధతి. సీసా మూత తీయకముందే దాని చీటీని చదువవలెను: చేసినవా రెవరు, ద్రాక్షజాతి యేది, పంట యే సంవత్సరమునది. హోటలు పట్టికలో ఒక సంవత్సరము వ్రాసియుండి, బల్లమీదికి వేఱొక సంవత్సరపు సీసా వచ్చుట అరుదు కాదు. అది మోసము కానక్కఱలేదు, కాని యడుగుట మన హక్కు. మూతను మన కన్నులయెదుటనే తీయవలెను. బెండు బిరడా యైనచో దానిని బల్లమీద ఉంచుదురు. పువ్వువలె మూర్కొనుటకు కాదు, చూచుటకు. లోపలి కొన మాత్రము తడిసి, తక్కినది పొడిగా నున్నచో క్షేమము. పొడవునను వైన్ చాఱలు దిగినను, మూత తీయకమునుపే బిరడా పైకి ఉబికి యుండినను, ఆ సీసా యెచ్చటనో ఎండదెబ్బ తిన్నదని అనుమానింపవచ్చును. పిమ్మట గ్లాసులో సుమారు 30 మిల్లీలీటర్లు పోసిన దానిని, గ్లాసు పీఠమును బల్లకు ఆనించియే మెల్లగా త్రిప్పి, ముక్కుకడకు తేవలెను. తీర్పులో ముప్పాతికపాలు ఇచ్చటనే తేలిపోవును. నాలుకకు మిగులునది రూఢిచేసికొనుట మాత్రమే.

ముక్కునకు తెలియవలసిన దోషములు కొన్నియే. వానకు తడిసి ముక్కిన అట్టపెట్టె వాసన వచ్చినచో అది బెండునుండి వచ్చిన దోషము. దీనికి కారణమైన ట్రైక్లోరోఅనిసోల్ అను రసాయనమును 1980వ దశకపు ఆరంభమున స్విట్జర్లండులో హాన్స్ టానర్ మున్నగు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. లీటరునకు కొన్ని నానోగ్రాములున్నను చాలును, వైన్ సహజపరిమళ మంతయు అణగిపోవును. దేహమునకు హాని లేదు గాని, గ్లాసులో ఉన్నకొలది ఆ కంపు హెచ్చునే గాని తగ్గదు. కొందఱి ముక్కులు దీనిని బొత్తిగా పట్టలేవు. కావున అనుమానము కలిగినచో ప్రక్కవారి కిచ్చి యడుగుటలో చిన్నతనము లేదు. గోళ్ళరంగును తుడుచు ద్రవపు వాసనయో, వెనిగర్ ఘాటో కొట్టినచో పులుపు హద్దు మీఱినదని యర్థము. కోసి విడిచిన ఆపిల్ ముక్కవలె గోధుమరంగు తిరిగి, వాడిపోయిన వాసన వచ్చినచో గాలి సోకినది. తాజాపండు జాడ లేక, అడుగంటిన జామ్ వాసన మాత్రమే మిగిలినచో వేడి తగిలినది.

ఈ కడపటి దోషమే మన యూరికి ముఖ్యమైనది. కాని వైన్‌ను గూర్చి విదేశములలో వ్రాయువారు దీనిని ఒక వాక్యముతో దాటిపోవుదురు. నాసిక్ సీసాలలో పెక్కింటికి నేడు బెండు లేదు, మరమూత. అందుచే అట్టపెట్టె కంపు మనకు దాదాపు లేదనియే చెప్పవచ్చును. 'అట్లయిన పరీక్ష యెందుకు?' అని మూత కిఱ్ఱుమన్న వెంటనే అందఱి గ్లాసులు నింపు పరిచారకులు బయలుదేరిరి. ఇది తప్పు. నాసిక్ ప్రాంతమున ద్రాక్ష జనవరి మొదలు మార్చి వఱకు కోతకు వచ్చును. కర్ణాటకపు నందికొండల పాదమునను, మహారాష్ట్రమునను తయారైన సీసాలు లారీలలో దేశమును అడ్డముగా దాటి సింహభూమిలోని మన యూరు చేరవలెను. ఏప్రిల్, మే మాసములలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. దుకాణపు గాజు బీరువాలో, వంటయింటి గోడ ప్రక్కను, అల్మరా పై అరలో నెలల తరబడి నిలిచిన సీసాకు ఏ మరమూత రక్ష? ఫ్రాన్సులో బెండు చేయు నష్టమును జంషెడ్పూర్‌లో గ్రీష్మము చేయుచున్నది. కావున పరీక్ష యవసరము అచ్చటికంటె ఇచ్చటనే హెచ్చు.

వేడిమాట వచ్చినది గనుక మఱియొకటి. ఎఱ్ఱవైన్‌ను 'గది ఉష్ణోగ్రత'లో త్రాగవలెనను సూత్రమును మనవారు వేదవాక్యముగా పాటించుచున్నారు. ఆ సూత్రము పుట్టిన గది ఐరోపాలోని చలిరాతి యిల్లు. దాని వేడి 16, 18 డిగ్రీలు. మే మాసమున బిష్టుపూర్‌లోని గదియు గదియే గాని, 35 డిగ్రీల వైన్ ఎంత మంచిదైనను సారాఘాటు తప్ప వేఱేమియు తెలియనీయదు. అది దోషమో, వేడిమియో తేల్చుకొనుటయే కష్టము. ఒకమారు నేను ఎఱ్ఱవైన్‌కు మంచుబొక్కెన యడుగగా, పరిచారకుడు నన్ను జాలిగా చూచెను. ఆ జాలిని సహింపవలెను. మంచును నీటిని కలిపిన బొక్కెనలో పదునైదు నిమిషములు సీసా నుంచినచో ఎఱ్ఱవైన్ దారికి వచ్చును; తెల్లవైన్‌కు 8 మొదలు 12 డిగ్రీలు తగును, కొంచెము హెచ్చుసేపు పట్టును.

దోషము కానివానిని దోషమనుటయు అన్యాయమే. తెలుగుదేశము అనాబెషాహి వంటి తిండిద్రాక్షకు ప్రసిద్ధికెక్కినది గాని వైన్ ద్రాక్షకు కాదు. ఆ తీపి నెఱిగిన నాలుక వైన్‌లోని పులుపును, ఒగరును చూచి 'ఇది చెడినది' అనుట సహజము. కాని అది చెడలేదు, దాని స్వభావమే యంత. తీపి లేదను కారణమున సీసా త్రిప్పిపంపుట, కాకరకాయ చేదుగా నున్నదని వంటవానిని నిందించుట వంటిది. అడుగున మెఱయు చిన్న స్ఫటికములు టార్టారికామ్లపు పేరుడు, గాజుపెంకులు కావు. మూత తీసినంతనే అగ్గిపుల్ల గీచిన వాసన వచ్చినచో రెండుమార్లు త్రిప్పిన పోవును. పరిచారకుడే వర్ణించి యిప్పించినది వర్ణనకు విరుద్ధముగా నున్నచో మంచి హోటలు మార్చి యిచ్చును. అది వారి మర్యాద, మన హక్కు కాదు.

నోటిలో జర్దాకిళ్ళీ రసముండగా, వేళ్ళకు ఆవకాయ నూనె యుండగా, మెడకు అత్తరు పూసికొని ఈ పరీక్ష చేయువారును కలరు. అట్టివారు మంచినీరు పుక్కిలించి, చేయి తుడిచికొని మొదలుపెట్టుదురు గాక. అత్తరునకు మందు లేదు.

పరీక్షింపవలసినవా రెవ్వరు? తెప్పించినవారు. సీసాను ఎన్నినది భార్య యైనను, రుచి చూడు గ్లాసు మాత్రము భర్త యెదుటనే పెట్టు హోటళ్ళు కలవు. ఉక్కు కర్మాగారమున స్త్రీలు ఇంజనీర్లుగా పనిచేయు యూరిలో ఇది పరిహాసాస్పదము. ఇక విందుకు పిలిచినవాడు స్వయముగా త్రాగనివాడైనచో, అతిథులలో ఒకరిని 'మీరు చూడుడు' అని కోరినచో చాలును. మర్యాదకై నాలుక తడుపుకొనవలెనను నిర్బంధము ఏ శాస్త్రమునందును లేదు.

'దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన జాతి మనది. 1995లో మద్యనిషేధమును చూచినది మన ఆంధ్రప్రదేశ్. పొరుగున బీహారు 2016 మొదలు నిషేధమును పాటించుచున్నది. పత్రికలో ఈ పాఠ మెందులకు?' అని కోపించువా రుందురు. వారి కోపమునకు నేను నమస్కరింతును. త్రాగనివారికి ఇందులో పోవునది లేదు. త్రాగి బండి నడుపరాదని ప్రతి సీసాపైనను చట్టమే వ్రాయించుచున్నది. కాని వేల రూపాయలు పోసి కొన్న వస్తువు చెడియున్నప్పుడు నోరు మెదపలేని సిగ్గును నేను సద్గుణముగా నెంచజాలను. పాచిపోయిన పెరుగును మనము వెంటనే త్రిప్పిపంపుదుము. వైన్ విషయమున మాత్రమే, ఎదుటివాడు నవ్వునేమో యని, చెడినదానికి కూడ డబ్బు చెల్లించి వత్తుము. వస్తువులోని లోపమునకు అమ్మినవాడును బాధ్యుడని 1986 నాటి వినియోగదారుల చట్టము చెప్పినది, 2019 నాటి క్రొత్త చట్టము దానిని బలపఱచినది.

బిష్టుపూర్ హోటళ్ళవారికి నా మనవి చిన్నది. పట్టికలో పంట సంవత్సరమును వ్రాయుడు. సీసాలను వంటయింటి వేడికి దూరముగా ఉంచుడు. గ్లాసు లెక్కన అమ్మునప్పుడు ఆ సీసా ఏనాడు తెఱచితిరో అడుగకయే చెప్పుడు. రెండు మూడు దినములు దాటినదానిని సాసులో పోసికొనుడు, మా గ్లాసులో వలదు. మరమూత యైనను తొలి రెండు గుక్కలు తెప్పించినవారికే పోసి నిలువుడు. పాఠకుడా, వారు అట్లు నిలిచినప్పుడు తొందరపడకుము; ముందు వాసన చూడుము, సందేహము కలిగినచో 'ఇది చెడినట్లున్నది, మీరును ఒకమారు చూడుడు' అని నెమ్మదిగా అనుము. మంచి హోటలు వేఱొక సీసా తెచ్చును.