పాత టెలికాస్టర్‌కి నకలు చేశా.. కాపీ కొట్టాల్సింది దాని గీతల్ని కాదు!

ఈసారి ఫోన్ గురించి కాదు. ఐదు నెలల పాటు వీకెండ్స్‌లో కూర్చుని ఇంట్లోనే ఒక ఎలక్ట్రిక్ గిటార్ చేశాను. 1950ల నాటి ఫెండర్ టెలికాస్టర్‌కి నకలు. లోగో వేయలేదు, అమ్మే ఉద్దేశమూ లేదు. "రెడీమేడ్‌ది కొనుక్కోవచ్చు కదా" అని అందరూ అడిగారు. నిజమే, ఎంట్రీ లెవెల్ గిటార్ నాకైన ఖర్చు కంటే తక్కువకే వస్తుంది, ఫినిషింగ్ కూడా బాగుంటుంది. అయినా గాడ్జెట్స్ అంటే ఇష్టం ఉన్నవాళ్లు ఒక్కసారైనా ఇలాంటిది చేసి చూడాలనే నేనంటాను.

ఎందుకో చెప్తా. దీని డిజైన్ వెనకున్న లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియో రిపేర్ షాపు నడిపిన మనిషి. ఆయనకి గిటార్ వాయించడం రాదు. కానీ పాడైన వస్తువు బల్ల మీదకి వస్తే మెకానిక్‌కి ఏం కావాలో తెలుసు. 1950లో వచ్చి, 1951లో టెలికాస్టర్ పేరు పెట్టుకున్న ఈ గిటార్‌లో అది కనిపిస్తుంది. నెక్‌ని బాడీకి అతికించలేదు, నాలుగు స్క్రూలతో బిగించారు. వాల్యూమ్, టోన్, స్విచ్ మూడూ ఒకే ప్లేట్ మీద ఉంటాయి. రెండు స్క్రూలు విప్పితే వాటి వైరింగ్ బయటికొస్తుంది. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ, అంతే. పైన స్టీలు తీగ కదిలితే సిగ్నల్ పుడుతుంది. బ్యాటరీ లేదు, చిప్ లేదు.

నా గిటార్ బాడీ ఒక పాత ఇంటి టేకు గుమ్మం. ఫ్రెట్ల లెక్క నాకు ఈజీ. తీగ పొడవు 648 మి.మీ., దాన్ని 2కి పన్నెండో మూలంతో (సుమారు 1.0595) భాగిస్తూ పోవాలి. 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 324 దగ్గర వస్తుంది. పైథాన్‌లో నాలుగు లైన్ల పని.

దెబ్బ పడింది వేరే చోట. బాడీ టెంప్లేట్ ప్రింట్ తీసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' ఆన్‌లో ఉండిపోయింది. దాంతో బ్రిడ్జ్ దాదాపు 5 మి.మీ. ముందుకి వచ్చేసింది. 12వ ఫ్రెట్ నొక్కితే శ్రుతి పైకి పోతోంది. సాడిల్స్‌ని చివరిదాకా వెనక్కి జరిపినా సరిపోలేదు. మా వీధి వడ్రంగి బాబాయ్ చూసి, "కాయితాన్ని నమ్మితే ఎట్టా బాబూ, చెక్క మీద కొలుచుకోవాలి గానీ" అన్నాడు. రంధ్రాల్లో చెక్క మేకులు దిగ్గొట్టి, జిగురు ఆరాక కొత్తగా డ్రిల్ చేశాం. ఒక వీకెండ్ పోయింది, గిటార్ మాత్రం బతికింది.

అదే నెలలో నా ఫోన్ బ్యాటరీ మార్పిస్తే, గమ్ ఊడదీస్తుండగా వెనక గ్లాసు పగిలింది. తప్పు రెండు చోట్లా జరిగింది. కానీ ఒకటి దిద్దుకోగలిగాను, ఇంకోదానికి మళ్లీ డబ్బు కట్టాను. వాటర్ రెసిస్టెన్స్‌కి సీలింగ్ కావాలని నాకూ తెలుసు. కానీ సీల్ చేయడం వేరు, విప్పడానికి దారే లేకుండా చేయడం వేరు.

ఇప్పుడు కొత్త గిటార్‌కే గీతలు పెట్టి, రంగు చెక్కేసి 'రెలిక్' పేరుతో ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. ఆ గీతలు నాకొద్దు. అసలు వింటేజ్ ఆ నాలుగు స్క్రూల్లోనే ఉంది.

తర్వాత ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ చూశాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: రెండేళ్లకి బ్యాటరీ పోతే దీన్ని విప్పేదెలా?